ఊకొట్టినవాడి వాటా

మొన్నామధ్య నాగోల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో తెలుగు వచనం మీద సభ జరిగింది. నిర్వాహకులు పెద్దవాళ్లు, ఆదరించి పిలిచారు, కడుపునిండా భోజనం పెట్టారు. అందుకని పేర్లు రాయం. తెలుగువాడు తప్పక చదవాల్సిన వచన గ్రంథాల జాబితా అంటూ వేదిక మీద ఒకటి చదివారు. అందులో మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీమజిలీ కథలు’ లేవు. ఎందుకు లేవని అడిగితే, “అవి పిల్లల కథలు కదండీ” అన్నారు. అందులోని గోపకుమారుడి మీద మా పత్రిక వేసిన వ్యాసం సంగతి ఎత్తాం. “మూట మోసుకుంటూ వెంట నడిచినవాడికి పాత్రేమిటండీ!” అని నవ్వారు. హాలంతా నవ్వింది. ఈ సంపాదకీయం ఆ నవ్వు గురించి కాదు. కొంత ఆ నవ్వు గురించే.

కథ అందరికీ తెలిసిందే. మణిసిద్ధుడనే స్వామి కాశీకి బయల్దేరాలి, తోడు కావాలి. దొరికినవాడు ఒక పసులకాపరి, మన గోపకుమారుడు. వాడు పెట్టిన షరతు ఒక్కటే: మజిలీ మజిలీకీ తానడిగినదానికి కథ చెప్పాలి, చెప్పకపోతే అక్కణ్ణించే వెనక్కి. స్వామి స్నానం, జపం, వంట చూసుకుంటూ ఉంటే వీడు ఊళ్లోకి పోతాడు. ఏదో ఒక వింత కంటబడుతుంది. పరుగున వచ్చి, దాని సంగతేమిటో చెప్పమని కూచుంటాడు. అప్పుడు స్వామి తన మణి మహిమతో జరిగినదంతా తెలుసుకుని చెప్పడం మొదలుపెడతాడు. ఇలా పన్నెండు భాగాలు.

మణి దగ్గర జవాబులున్నాయి. ప్రశ్న ఒక్కటీ లేదు. ఊరు తిరిగినవాడు, ఆగి చూసినవాడు, ఇందులో ఏదో ఉందని పసిగట్టినవాడు గోపకుడు. వాడు చూడని వింతకు ఈ గ్రంథంలో కథ లేదు. అన్ని భాగాల్లోని రాజకుమారులూ గంధర్వులూ వేశ్యలూ దొంగలూ వాడి కంటిలోంచే లోపలికి రావాలి. ఏ కథ వేసుకోవాలో తేల్చేవాణ్ణి పత్రికల్లో సంపాదకుడంటారు. వాడి మీద మాకున్న అభిమానంలో స్వార్థం లేకపోలేదు.

ఇంతా చేస్తే వాడి గురించి మనకు తెలిసిందెంత? పశువుల్ని ఎవరికి అప్పజెప్పి వచ్చాడు? రాజులూ రాకుమార్తెలూ పూర్వజన్మలతో సహా వర్ణనకెక్కే పుస్తకంలో వీడి ఇల్లు ఎలా ఉండేదో చూడాలని ఎవరికీ తోచలేదు. గంగలో మునగాలన్న తపన వాడికి కనపడదు. కాశీ స్వామికి కావాలి, వీడికి కథ కావాలి. అన్ని కథలు మూటగట్టుకున్నవాడు తర్వాత వాటిని ఎవరికి చెప్పి ఉంటాడు? నన్నడిగితే (ఇక్కడ ‘మేము’ వదిలేస్తున్నాను) తెలుగు జానపద వచనంలో ఇంతకంటే పెద్ద చిక్కుముడి లేదు.

టోల్కీన్ ఇంగ్లీషులో రాసిన ఉంగరాల గాథలో టామ్ బాంబడిల్ అని ఒకడున్నాడు. 1954లో వచ్చిన మొదటి సంపుటంలో కాసేపు కనిపించి, పాటలు పాడి, పోతాడు. ఉంగరం వాడి మీద పనిచేయదు. ఎవడో, ఏమిటో తేలదు. కావాలనే తేల్చకుండా వదిలానని రచయితే ఉత్తరంలో రాసుకున్నాడు. 2001 సినిమాలో వాణ్ణి తీసేస్తే అభిమానులు ఇప్పటికీ గొణుగుతూనే ఉన్నారు. చివరికి 2024లో ఓటీటీ సీరియల్‌లో చోటిచ్చారు. నాగోల్ మెట్రోలో ఎక్కే కుర్రాళ్లకు బాంబడిల్ తెలుసు. తప్పేం లేదు, తెలియాల్సినవాడే. కానీ కాసేపు కనిపించినవాడికి అంత మర్యాద, కాశీదాకా నడిచినవాడికి హాల్లో నవ్వు!

గోపకుడు కథల్ని తగిలించడానికి గోడకు కొట్టిన మేకు మాత్రమేనని, అరేబియన్ నైట్స్‌లో అక్క షహర్జాదును కథ చెప్పమనే దునియాజాద్ లాంటివాడని వాదించేవారున్నారు. దునియాజాద్ అడగకపోతే షహర్జాదు మెడ మొదటి రాత్రే తెగేదని వాళ్లు మరిచిపోతారు.

అసలు సంగతి మేకూ గోడా కాదు. వాడు సన్యాసి అయ్యుంటే, రాజు కొడుకయ్యుంటే ఆ హాల్లో ఎవరూ నవ్వేవాళ్లు కాదు. పశువులు కాసుకునేవాడికి కథల రుచి ఏమిటన్న చులకన ఆ నవ్వులో ఉంది. ఎవరి ముందు ఈ చులకన? మల్లన్న కథ, బీరప్ప కథ రాత్రులకు రాత్రులు చెప్పిన ఒగ్గు కళాకారులు ఎక్కువమంది గొల్ల కురుమల ఇళ్లలోంచే వచ్చారు. మిద్దె రాములు, చుక్క సత్తయ్య ఏ మణి చూసి చెప్పారు? డోలు మోగుతుంటే, వంతపాడేవాడు మధ్యలో అడ్డం తగిలి అడుగుతుంటే, కథకుడు ఆ ప్రశ్న పట్టుకుని ముందుకు పోయాడు. అడిగేవాడు లేకపోతే కథ నడవదని వాళ్లకు తెలుసు. ఊకొట్టడం వినయం కాదు, పని. గోపకుడు చేసింది ఆ పనే. సుబ్బన్న దీక్షితులు గారు గ్రాంథికంలో రాసినా ఈ కిటుకు పట్టుకున్నారు. ఆయన్ని పిల్లల అరలోకి తోసిన పండితులకు అది అందలేదు.

ఆ సభ జరిగిన చోటికి కాస్త దూరంలో, మూసీ వెంట ఉప్పల్, పీర్జాదిగూడ వైపు, మురుగునీటితో గడ్డి పెంచి ఈ నగరం బర్రెలకు మేపిన మనుషులున్నారు. ఆ హాల్లో తాగిన చాయ్‌లో పాలు ఎక్కణ్ణించి వచ్చాయో ఆ జాబితా రాసినవారు కనుక్కుంటే బాగుండేది.

పండితులకు అందని ఈ విషయం సినిమావాళ్లకు మాత్రం అందింది. కాశీమజిలీల ప్రేరణతో 1951లో విజయావారు ‘పాతాళభైరవి’ తీసినప్పుడు పింగళి, కె.వి.రెడ్డి కథానాయకుడిగా నిలబెట్టింది తోటమాలి కొడుకుని. పక్కన అంజిగాడు, మాంత్రికుడి వెనక సదాజపుడు. ఆ చిన్న పాత్రలు లేకుండా ఆ సినిమా ఊహించండి చూద్దాం.

అజ్ఞాతంగా మిగిలిపోవడం పాత్రలకే కాదు, రాసినవాళ్లకూ అలవాటే. ‘తోకచుక్క’ నుంచి ‘భల్లూక మాంత్రికుడు’ దాకా చందమామ సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు ఆ సీరియళ్ల మీద పడలేదు. ఆయన 2010లో పోయారు. జాబితాలో ఆయనా లేరు, ఇక అడగలేదు.

ఆ జాబితాను మా పత్రిక అచ్చువేయదు. దాని బదులు రాబోయే సంచికలో కొన్ని పేజీలు గోపకుడికీ, వాడిలాంటి చిల్లర పాత్రలకూ కేటాయిస్తున్నాం. విక్రమార్కుడి భుజం మీది శవం ఎవరిదో ఎప్పుడైనా ఆలోచించినవారు రాయండి. మీ ఇంట్లో కాశీమజిలీల పాత సంపుటాలుంటే తూకానికి వేయకండి. అట్టలు ఊడినా, మొదటి పేజీలు చిరిగినా మాకు కబురు చేయండి. వాటిని మీ ఇంట్లో ఎవరు చదివేవారో, ఎవరు ఊకొట్టేవారో కూడా రాయండి. ఊకొట్టినవారి పేరు తప్పకుండా రాయండి, అచ్చులో వేస్తాం.