బెత్తానికీ మినహాయింపేనా?
మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం నుంచి 2014లో దక్కిన మినహాయింపును సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న విస్తృత ధర్మాసనం పరిశీలనకు నివేదించడం సముచితం. చర్చంతా టెట్, బలహీన వర్గాలకు 25 శాతం సీట్ల చుట్టూనే తిరుగుతోంది. శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించే ఆ చట్టంలోని 17వ సెక్షన్ కూడా 2014 తీర్పుతో మైనారిటీ సంస్థలైన కేథలిక్ బడుల గేటు బయటే ఆగిపోయిందని ఎందరు తల్లిదండ్రులకు తెలుసు? కోల్‌కతా న్యూ టౌన్‌లోనైనా, మన గుంటూరులోనైనా ఆ బడుల ముందు అడ్మిషన్లకు బారులు తీరేది క్రమశిక్షణ పేరు వినే. అది ఊరికే వచ్చిన పేరూ కాదు. అంతమాత్రాన ఎండలో మోకాళ్లపై నిలబెట్టడం, డైరీలో ఎర్రసిరాతో రాసి టీసీ చేతిలో పెడతామని బెదిరించడం క్రమశిక్షణ అయిపోదు. విస్తృత ధర్మాసనం తీర్పు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈ బడులను నడిపే మేత్రాసనాలు దండన నిషేధాన్ని తమ సర్వీసు నిబంధనల్లోనే రాసుకోవాలి. టీసీ ఇచ్చేముందు విద్యార్థి చెప్పేది విని, కారణాన్ని తల్లిదండ్రులకు రాతపూర్వకంగా తెలపాలి.