‘సరే’ అంటేనే కదిలే తెర

వేకువజామున మూడు గంటలు. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద నిద్ర పట్టని వేళ అది. రాత్రంతా రొయ్యలూ నాచూ ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి. ఎండ లేదు కాబట్టి నాచు కొత్తగా ఇవ్వదు. లీటరు నీటికి 3 మిల్లీగ్రాములకు దిగిందంటే ఏరేటర్లు తిరగాల్సిందే. లేదంటే తెల్లారేసరికి పంట పోయినట్టే!

ఆ అంకెలు చూపే చిన్న లైనక్స్ కంప్యూటర్ ఒకటి షెడ్డులో ఉందనుకుందాం. బొమ్మల్లేవు, మౌస్ లేదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. అలాంటి తెర మీద అక్షరాలను కోరిన చోట పెట్టేదే ‘కర్సెస్’ లైబ్రరీ. కర్సర్ మీద చమత్కరిస్తూ పెట్టిన పేరిది. బర్కిలీలో కెన్ ఆర్నాల్డ్ రాశాడు. లైనక్స్‌లో నేడు వాడేది దాని వారసురాలు ‘ఎన్‌కర్సెస్’.

దీని పుట్టుకకు కారణం పొదుపు. 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు... తెర నిండితే 1,920. సెకనుకు 30 అక్షరాలు పంపే ఆనాటి ఫోన్ లైన్ మీద తెరంతా రాయడానికి 64 సెకన్లు! అందుకే కర్సెస్ తెర నకలును మెమరీలో దాచుకుంటుంది. ‘రిఫ్రెష్’ అన్నప్పుడే, అదీ మారిన అక్షరాలనే పంపుతుంది.

చిక్కు ఇక్కడే. రిఫ్రెష్ మరిచిపోతే మెమరీలో 2.8 ఉంటుంది, కళ్లకు 4.6 కనిపిస్తుంది. ఏరేటర్ వేయాల్సిన మనిషి పడుకునే ఉంటాడు.

ఇందుకే కొన్ని ఆప్షన్లున్నాయి. చాలావాటి పేరు చివర ‘ఓకే’ ఉంటుంది. మనం సరే అనేదాకా వాటిలో చాలావరకు పనిచేయవు. ‘ఇమ్మెడ్‌ఓకే’ అంటే ప్రతి మార్పూ వెంటనే తెరకెక్కుతుంది. కానీ పది గుంటల అంకెలకు పదిసార్లు పంపాలి. అన్నీ రాశాక ఒక్క రిఫ్రెష్ చాలు. వేరే ప్రోగ్రామ్ ఏదో సందేశం తెర మీద పడేసిందా? కర్సెస్‌కు ఆ సంగతి తెలియదు. ‘క్లియర్‌ఓకే’ అంటే తర్వాతి రిఫ్రెష్‌లో మొత్తం తుడిచి మళ్లీ రాస్తుంది. ‘స్క్రోల్‌ఓకే’ అంటే అడుగు వరుస నిండగానే అన్నీ పైకి జరుగుతాయి. తెరంతటికీ సరే అంటే ఒకటో గుంట అంకె కనిపించకుండా పోతుంది. హెచ్చరికలకు కింద వేరే విండో కట్టి, దానికి మాత్రమే అనుమతివ్వాలి. చూడటానికే తప్ప టైపు చేయనక్కర్లేని తెరకు ‘లీవ్‌ఓకే’ నప్పుతుంది. కర్సర్‌ను ఎక్కడున్నది అక్కడే వదిలేస్తుంది.

ఇన్ని చేసినా ఒక మూల గడియారం పెట్టడం మంచిది. అంకెలతో పాటే, అదే రిఫ్రెష్‌లో అదీ మారాలి. సెకన్లు ఆగిపోయాయా... ఇక ఆ తెరను నమ్మకుండా, టార్చిలైటూ మీటరూ పట్టుకుని గట్టు మీదికి నడవాల్సిందే.