కాంకార్డ్ కొలతలు.. కొలువుకు పాఠాలు

ధ్వని కంటే వేగంగా వెళ్లే ప్రయాణికుల విమానాలు మళ్లీ వార్తల్లోకి వచ్చాయి. 2025 జనవరి 28న అమెరికా కంపెనీ బూమ్ తయారుచేసిన ప్రయోగాత్మక విమానం ఎక్స్‌బీ-1 ధ్వని వేగాన్ని దాటింది. అక్టోబర్ 28న నాసా ఎక్స్-59 తొలిసారి ఎగిరింది. ఉస్మానియా క్యాంపస్‌లో పోటీ పరీక్షలకు చదువుతున్న మీరు ఈ తేదీలు రాసుకునే ఉంటారు. తేదీ గుర్తుంటే ఒక మార్కు. విమానం ఆ ఆకారంలోనే ఎందుకుందో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో పనికొస్తుంది.

సన్నగా ఎందుకు?

కాంకార్డ్ పొడవు దాదాపు 62 మీటర్లు. రెక్కల విస్తారం 25.6 మీటర్లే. లోపల క్యాబిన్ వెడల్పు సుమారు 2.6 మీటర్లు. తార్నాకలో మీరెక్కే సిటీ బస్సు బయటి వెడల్పూ ఇంచుమించు అంతే! వరుసకు నాలుగు సీట్లు, మొత్తం వంద మంది.

విమానం ధ్వనిని మించి దూసుకొస్తే ముందున్న గాలికి కబురే అందదు. తప్పుకునే వీల్లేక అది షాక్ తరంగంగా మారుతుంది. విమానం లావయ్యే కొద్దీ ఈ నిరోధం పెరిగి ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. అందుకే సన్నటి బాడీ, త్రికోణపు రెక్క.

ఇబ్బందీ ఇక్కడే. సీట్లు తక్కువ కాబట్టి టికెట్ ధర ఎక్కువ. షాక్ తరంగాలు నేలను తాకితే పెద్ద పేలుడు శబ్దం. దాంతో 1973లో అమెరికా తన భూభాగంపై సూపర్‌సోనిక్ పౌర విమానాలను నిషేధించింది. 1960ల్లో రెండు కాంకార్డ్‌లు రిజర్వ్ చేసుకున్న ఎయిరిండియా కూడా తర్వాత వద్దనుకుంది. సర్వీసులోకి వచ్చినవి 14 మాత్రమే. 2003లో అవీ ఆగిపోయాయి.

ఇప్పుడు మారిందేమిటి?

ఎక్స్-59 పొడవు 30 మీటర్లు. అందులో మూడో వంతు ముక్కే. షాక్ తరంగాలు ఒకటిగా కలవకుండా విడదీసి, పేలుడును మెల్లని చప్పుడుగా మార్చాలన్నదే లక్ష్యం. ఆ ముక్కు వల్ల పైలట్‌కు ముందు అద్దం లేదు, కెమెరా తెరే దిక్కు. నిషేధం ఎత్తేయాలని 2025 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు ఆదేశించారు.

అంటే శబ్దం సమస్య తీరే దారి కనిపిస్తోంది. మరి ఖర్చు? బూమ్ తేవాలనుకుంటున్న ఓవర్చర్ పొడవు 61 మీటర్లు, వేగం మాక్ 1.7, ప్రయాణికులు 60 నుంచి 80 మంది. కాంకార్డ్ అంత పొడవు, సీట్లు మాత్రం అంతకన్నా తక్కువ. టికెట్ ప్రశ్న అలాగే ఉంది.

మన దగ్గర పని ఎక్కడ?

కాబట్టి ‘సూపర్‌సోనిక్’ అన్న పేరు చూసి లక్షలు పోసి కోర్సుల్లో చేరిపోకండి. దాని వెనకున్న సబ్జెక్టులు పట్టుకోండి. గాలి రాపిడి వేడికి కాంకార్డ్ ప్రయాణంలో 15 సెంటీమీటర్లకు పైగా సాగేది. దాని అల్యూమినియం బాడీ మాక్ 2 దాటి ఎక్కువ వేడిని తట్టుకోలేదు. వేడిని తట్టుకునే టైటానియం, సూపర్ అల్లాయ్‌లు కంచన్‌బాగ్‌లోని మిధానిలో తయారవుతున్నాయి. డీఆర్‌డీఎల్ 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో స్క్రామ్‌జెట్ కంబస్టర్‌ను 1,000 సెకన్లకు పైగా పరీక్షించింది. అది క్షిపణుల కోసమే అయినా వేడి, గాలి ప్రవాహం లెక్కలు అవే. ఆదిభట్లలో టాటా బోయింగ్ అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారుచేస్తోంది. శంషాబాద్‌లో సఫ్రాన్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రం 2025 నవంబర్‌లో మొదలైంది. కెమిస్ట్రీ వాళ్లకు తార్నాకలోనే ఐఐసీటీ ఉంది, అక్కడ పాలిమర్లపై పరిశోధన జరుగుతోంది.

మెకానికల్ వాళ్లు థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్‌ను పరీక్ష అయ్యాక మర్చిపోవద్దు. నోట్సులో ప్రతి కొలత పక్కనా ‘ఎందుకు?’ అని ఒక లైను రాసుకోండి. ఓవర్చర్ ఎగిరినా ఎగరకపోయినా అది మీకు పనికొస్తుంది.