నష్టపు లెక్క పొలముననే పుట్టవలెను



1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెత్తెను. మృతులు సుమారు 10,000 మంది యని కొన్ని పుస్తకములందును, 14,000కు పైబడిరని మరికొన్నింటను కానవచ్చుచున్నది. నడుమనున్న నాలుగువేలమంది చనిపోయిరో బ్రదికిరో ఆ లెక్కలను బట్టి నేటికిని చెప్పజాలము. ప్రాణముల లెక్కయే యిట్లున్నప్పుడు పైరుల లెక్క సంగతి వేఱుగ చెప్పవలెనా?

33 శాతమైనను పంట పోయిననే రైతునకు పెట్టుబడి సహాయ మిచ్చునట్లు 2015లో కేంద్రమువారు నిబంధన మార్చిరి. అంతకు పూర్వము 50 శాతముండెను. మార్పు మంచిదే. కాని గట్టుమీద నిలిచి కంటిచూపున 30 అనుటకును 35 అనుటకును భేదమేమి? దయతలచి 35 వ్రాసినను, పై యధికారికి జడిసి 30 వ్రాసినను, వరద యెన్ని బస్తాలు కొనిపోయెనో ఆ యంకె చెప్పదు. అట్టి కాగితములను నేనును నింపితిని, దాచనేల?

మఱియు 33కు లోబడిన నష్టము సహాయపు జాబితా కెక్కదు. ఆ జాబితానే దేశపు లెక్కగా గ్రహించినచో ఆ నష్టము జరుగనట్లే. కోసిన వరి పనలమీదనే మొలకెత్తుటయు, గింజ రంగుమారి ధర తగ్గుటయు మనకు క్రొత్తగాదు. వీనిని బస్తాలలో చూపుట యెట్లు? ఇక కౌలుదారుని గోడు వేఱు. పైరు అతనిది, కాగితమున పేరు భూస్వామిది.

విపత్తులలోని మరణములను, ఆర్థిక నష్టమును తగ్గింపవలెనని, ఆ తగ్గుదలను లెక్కించి చూడవలెనని 2015లో జపానులోని సెండాయి నగరమున పెక్కు దేశములు సమ్మతించెను. ఢిల్లీలో ఎంత చక్కని పట్టిక వేసినను, అందు పడునది మన గ్రామపు టంకెయే గదా.

కావున ప్రతి సంఘమును ఒక నష్టపు పుస్తకము నుంచవలెను. నీరు తీసిన దినముననే సర్వే నంబరు, సాగుచేయువాని పేరు, పైరు పొట్టమీదనున్నదో పాలుపోసుకొన్నదో, నీరెన్ని దినములు నిలిచెనో వ్రాయవలెను. నూర్పిడియైన పిమ్మట దిగుబడిని తూచి అదే పుటలో చేర్పవలెను. ఈ రెండవ పనినే మనము మఱచెదము.

రైతులు తమ నష్టమును తామే వ్రాసికొన్న పెంచి వ్రాయరా యని కొంద ఱందురు. వ్రాయవచ్చును. అందుచేతనే పుస్తకమును సర్వసభ్య సమావేశమున బిగ్గరగా చదువవలెను. గట్టు కావలి రైతు ఊరకుండడు. తొలి యంచనా తప్పైనచో కొట్టివేయక, తూచిన బరువును దాని ప్రక్కనే వ్రాయుడు. రెంటికిని గల యెడము గూడ పై వారికి తెలియవలసినదే.

తుపానుల కాలమునకు ముందే, రాబోవు సమావేశముననే, ఈ పుస్తకము వ్రాయువా రెవరో నిర్ణయింపుడు.