పిట్ట కొంచెం, కూత ఘనం

బల్లపై ఆసీనమై ఉండేదే కంప్యూటరు, జేబులో ఇమిడేది కేవలం టెలిఫోను అనే అభిప్రాయం మన సమాజంలో గాఢంగా నాటుకొని ఉంది. ఆకారంలో పెద్దదే బలమైనదని భావించడం మానవ స్వభావం. కాని గత నలభై సంవత్సరాల చరిత్ర ఈ భావాన్ని తలక్రిందులు చేసింది. ఆ చరిత్ర మన విద్యార్థులకూ, కళాశాల కార్యవర్గానికీ కూడ ఒక పాఠం చెబుతున్నదని నా విశ్వాసం.

1978లో ఇంటెల్ సంస్థ 8086 అనే ప్రాసెసరును విడుదల చేసింది. దాని వంశానికే చెందిన 8088ను 1981లో ఐ.బి.యం. తన పర్సనల్ కంప్యూటరులో అమర్చడంతో ఆ వంశానికి పట్టాభిషేకం జరిగినట్లయింది. తరం మారినకొద్దీ ఆ చిప్పుల వేగం పెరిగింది. దానితోపాటు కరెంటు ఖర్చూ, వేడీ పెరిగాయి. గోడలోని ప్లగ్గు నుండి కరెంటు ధారాళంగా వస్తున్నంత కాలం ఆ విషయం ఎవరికీ పెద్ద చింత కాలేదు.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణంలో ఏకార్న్ అనే చిన్న సంస్థ వేరొక మార్గం త్రొక్కింది. చిప్పు గ్రహించవలసిన ఆజ్ఞలను తగ్గించి, సరళం చేస్తే అది చిన్నదై, చురుకుగా పనిచేస్తుందనే సిద్ధాంతం అప్పటికే అమెరికాలోని బర్క్‌లీ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలలో రూపు దిద్దుకొంటున్నది. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనే ఇంజనీర్లు దానిని ఆచరణలో పెట్టారు. 1985 ఏప్రిల్ 26న వారి తొలి ఆర్మ్ చిప్పు చేతికందింది. అందులో ఉన్న ట్రాన్సిస్టర్లు సుమారు 25,000 మాత్రమే. అదే సంవత్సరం వెలువడిన ఇంటెల్ 386లో 2,75,000. ఖరీదైన పింగాణీ తొడుగుకు బదులు చౌకైన ప్లాస్టిక్ తొడుగు వాడాలంటే వేడి తగ్గాలి. ఆ పొదుపు కోసం పడిన పాట్లు ఎంతగా ఫలించాయంటే, పరీక్ష సమయంలో కరెంటు మీటరు సున్న చూపింది! సరఫరా తీగ కలవకపోయినా, ప్రక్క తీగల నుండి చేరిన కొద్దిపాటి విద్యుత్తుతోనే ఆ చిప్పు నడిచింది.

లేమిలో పుట్టిన ఆ పొదుపే తరువాత దాని బలమైంది. జేబులోని ఫోనుకు ఫ్యాను ఉండదు, బ్యాటరీ చిన్నది. అక్కడ దుబారాకు తావు లేదు. ఏటా వంద కోట్లకు పైగా ఫోన్లు అమ్ముడుపోతుండగా, ఆ ధనంతో అత్యాధునిక తయారీ విధానాలు ముందుగా ఫోను చిప్పులకే దక్కసాగాయి. 2013లో ఆపిల్ ఏ7 ద్వారా 64 బిట్ల ప్రాసెసరు ఫోనులోకి వచ్చింది. 2020 జూన్‌లో ఆర్మ్ విధానంపై నిర్మించిన జపాను వారి ఫుగాకు ప్రపంచ సూపర్ కంప్యూటర్లలో ప్రథమ స్థానం పొందింది. అదే నవంబరులో ఫోను చిప్పుల వంశంలోనే పుట్టిన ఆపిల్ ఎం1, 1,600 కోట్ల ట్రాన్సిస్టర్లతో, ఫ్యానైనా లేని ల్యాప్‌టాపులో కూర్చొని, అంతకు ముందు ఆ స్థానంలో ఉన్న ఇంటెల్ చిప్పులను వెనుకకు నెట్టింది.

అయితే ప్రతి ఫోనూ కంప్యూటరుతో సమానమని చెప్పడం సత్యదూరం. చౌక ఫోనులోని చిప్పు ఈ శ్రేణికి చెందినది కాదు. ఎంతటి ఫోనైనా గంటల తరబడి శ్రమిస్తే వేడెక్కి, వేగం తగ్గించుకొంటుంది. వాణిజ్యశాస్త్ర విద్యార్థికి ట్యాలీ నేర్పడానికి ఇప్పటికీ బల్లమీది కంప్యూటరే శరణ్యం. కనుక మన ప్రయోగశాలను మూసివేయమని నేననడం లేదు.

నా ఆవేదన వేరు. "మా ఇంట్లో కంప్యూటర్ లేదు సార్, ఫోనే ఉంది" అని తలవంచుకొని చెప్పే విద్యార్థులను ప్రతి సంవత్సరమూ చూస్తున్నాను. ఆ తలవంపుకు ఇప్పుడు కారణం లేదు. వారి చేతిలోని సామాన్యమైన ఫోను సైతం తెలుగు ఒత్తులనూ, ఉర్దూ నస్తాలీఖ్ సొగసునూ ఒకే తెరపై చూపగలదు. ప్రోగ్రాము వ్రాసే విద్య నేర్పగలదు. లోపించింది యంత్రబలం కాదు. వ్రాయడానికి కీబోర్డు, చూడడానికి విశాలమైన తెర, దారి చూపే గురువు: ఈ మూడే కొరవడ్డాయి.

మనమేమో ఫోను కనిపిస్తే లాక్కోవడమే క్రమశిక్షణ అనుకొన్నాము. నేనూ అలా లాక్కొన్నవాణ్ణే. వినోదానికి బానిసైన విద్యార్థి విషయంలో అది న్యాయమే కావచ్చు. కాని నేర్చుకోదలచిన విద్యార్థి చేతిలోని ఏకైక పనిముట్టును కూడ మనమే లాక్కొంటున్నామేమో ఆలోచించాలి. పరిమితమైన నిధులతో కొత్త యంత్రాలు కొనే ముందు, కొన్ని కీబోర్డులూ తెరలూ సమకూర్చి, వీలున్న ఫోన్లకు వాటిని కలిపి, అధ్యాపకుని పర్యవేక్షణలో వారానికి రెండు గంటలైనా విద్యార్థులు పని చేసుకొనే అవకాశం కల్పించవలసిందిగా కార్యవర్గాన్ని సవినయంగా కోరుతున్నాను.

విద్యార్థి మిత్రులారా! తక్కువ విద్యుత్తుతో ఎక్కువ పని చేయవలసి వచ్చినందుకే ఆ చిన్న చిప్పు పెద్దలకు సాటి వచ్చింది. తక్కువ వసతులతో చదువుకొనే మీరు ఆ సంగతిని గుర్తుంచుకోండి. వసతుల కొరతను తీర్చవలసిన బాధ్యత మాది. చేతిలో ఉన్నదానిని వృథా చేయకపోవడం మీది.