పేపర్ మీద పేరు ఎక్కడ పడింది?



ప్రపంచంలో టాప్ 2 శాతం శాస్త్రవేత్తలు అని ఏటా ఒక జాబితా వస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ అయోనిడిస్ అనే ప్రొఫెసర్ బృందం తయారుచేసేది. అది రాగానే మన వైజాగ్ జిల్లా ఎడిషన్ల నిండా ఫొటోలు, కాలేజీ గేట్ల దగ్గర ఫ్లెక్సీలు. ఆ జాబితాతో నాకు పేచీ లేదు, కష్టపడ్డవాళ్ళు అందులో ఉన్నారు. కానీ మొన్న మన గ్రూపులో ఒక ఎమ్మెస్సీ అమ్మాయి అడిగింది: "సర్, సైటేషన్ అంటే ఉత్త లెక్కే కదా, లెక్కకి కులం ఎక్కడిది?" మంచి ప్రశ్న. ఈ భాగమంతా దాని మీదే. తెలుగు సాహిత్యం చెప్పుకునేవాడికి బయోకెమిస్ట్రీ ఎందుకు అనకండి. ఎవరి పేరు నిలిచింది, ఎవరి పేరు చెరిగింది అని వెతకడమే మా చదువు.

కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట. మీ పేపర్‌ని ఇంకొకరు తమ పేపర్‌లో ప్రస్తావిస్తే అది ఒక సైటేషన్. కనీసం పదేసి సైటేషన్లున్న పేపర్లు మీకు పది ఉంటే మీ హెచ్-ఇండెక్స్ పది. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త కనిపెట్టిన కొలత ఇది. ఉద్యోగం, ప్రమోషన్, గ్రాంటు, ఫ్లెక్సీ, అన్నీ ఇప్పుడు దీని చుట్టూ తిరుగుతున్నాయి.

ఇప్పుడు మన తెలుగువాడినే ఈ లెక్కలో పెట్టి చూద్దాం. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ ఖద్దరు కట్టినందుకు తెల్ల ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ బదులు తక్కువ రకం ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు. రంగూన్‌లో సంపాదించిన మల్లాడి సత్యలింగం నాయకర్ కాకినాడలో పెట్టిన ధర్మసంస్థ ఇస్తానన్న సాయంతో, మామగారు పోగుచేసిన డబ్బుతో 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. అక్కడ బతకడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పారిశుధ్య పని చేశారు. జీవితచరిత్రలు చెప్పేవాళ్ళు ఈ చోట గొంతు తగ్గించి "పాపం, ఎంత కష్టం" అంటారు. బ్రాహ్మణ కుర్రాడు అమెరికాలో ఆ పని చేస్తే త్యాగం. అదే పని కేజీహెచ్‌లో మన అత్తలు, మేనమామలు తరాలుగా చేస్తుంటే అది కాంట్రాక్టు. సరే, ఈ పక్కదారి ఇక్కడితో ఆపుతాను.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే ఆయన దగ్గర చేరి, 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి తెచ్చారు. ఫాస్ఫేటుకి మాలిబ్డేటు కలిపి, ఇంకో రసాయనం చేరిస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. మన యూజీ ల్యాబుల్లో ఇప్పటికీ ప్రాక్టికల్‌గా చేయించే ఫిస్కే-సుబ్బారో పద్ధతి అదే. జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో వచ్చిన ఆ పేపర్‌కి వేలకొద్దీ సైటేషన్లున్నాయి. కొలిచే పద్ధతి చెప్పిన పేపర్లకి ఎప్పుడూ అంతే గిరాకీ. 2014లో నేచర్ పత్రిక వేసిన అత్యధిక సైటేషన్ల జాబితాలో మొదటిది కూడా ప్రోటీన్ కొలిచే లౌరీ పద్ధతే, 1951 నాటిది, మూడు లక్షలకు పైన.

అయితే ఆ వేల సైటేషన్లు ఎవరి ఖాతాలో పడ్డాయి? 1964లో యూజీన్ గార్ఫీల్డ్ సైన్స్ సైటేషన్ ఇండెక్స్ మొదలుపెట్టినప్పుడు, ప్రస్తావనకొచ్చిన పేపర్లని అందులో మొదటి రచయిత పేరు కిందే వేసేవారు. అంటే ఆ పుస్తకంలో సుబ్బారావు పేరు వెతికితే ఈ పేపర్ దొరకదు, ఫిస్కే కింద వెతకాలి. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియేటిన్ గుట్టు చెప్పిన పేపర్, 1929లో ఏటీపీ గురించి చెప్పిన పేపర్, రెండూ సైన్స్ పత్రికలోనే వచ్చాయి, రెండింటిలోనూ ఫిస్కే పేరే ముందు. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనిపెట్టాడు, ఆ మాటా చెప్పాలి. 1988లో నోబెల్ పంచుకున్న జార్జ్ హిచింగ్స్ తర్వాత ఇంకో సంగతి బయటపెట్టారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లని ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనిపెట్టుకోవలసి వచ్చిందట. ఫిస్కే అసూయతో ఆ పనిని బయటకి రానివ్వకపోవడమే కారణమని ఆయన అభిప్రాయం. రాయని పేపర్‌కి సైటేషన్ సున్నా. ఏ డేటాబేసూ ఆ సున్నాని చూపించదు.

హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడ ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేశారు. 1945లో సైన్స్‌లో ఆ పేపర్ వచ్చింది, పదహారు పేర్లతో. రెండు గుంపులుగా చేసి, ఒక్కో గుంపులో ఇంగ్లీషు అక్షరక్రమంలో వేశారు. బృందాన్ని నడిపించిన మనిషి ఏడో పేరు! ఆయన ఇంటిపేరు యల్లాప్రగడని మనలా పొట్టిచేసి చివర ఒక అక్షరంగా పెట్టారు కాబట్టి ఏడు, అసలు ఇంటిపేరుతో వేస్తే ఇంకా వెనక్కి పోయేవారు. మన యూజీసీ 2018 రెగ్యులేషన్ ప్రకారం ఇద్దరికి మించి రచయితలుంటే మొదటి రచయితకీ కరస్పాండింగ్ రచయితకీ 70 శాతం పాయింట్లు, మిగతావాళ్ళకి తలా 30. ఆ కాగితం పట్టుకుని సుబ్బారావు మన కాలేజీ స్క్రీనింగ్ కమిటీ ముందుకొస్తే ముప్పై శాతం మనిషి.

ఆయన ల్యాబులో తయారైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో లుకేమియా పిల్లల్లో తాత్కాలికంగానైనా రోగం తగ్గినట్టు చూపించాడు. కీమోథెరపీ చరిత్ర చెప్పేవాళ్ళంతా అక్కడ ఆగి నమస్కరిస్తారు. ఆ పేపర్ రచయితల్లో సుబ్బారావు లేరు. ఆ మందుకి చెల్లెలు లాంటి మెథోట్రెక్సేట్ కూడా ఆ కంపెనీదే. ఈరోజు కీళ్ళవాతం వచ్చినవాళ్ళకీ, లుకేమియా వచ్చిన పిల్లలకీ రాస్తున్నది అదే. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే సుబ్బారావు చనిపోయారు.

ఇంతవరకూ "తెలుగువాడికి నోబెల్ రాలేదు" అని ఏటా పత్రికలు ఏడ్చే ఏడుపే. నేను దానికోసం రాయడం లేదు. పరాయివాడిగా నిలబడ్డచోట అగ్రకులం మనిషి పేరు కూడా వెనక్కి జారిపోయింది. మరి సొంత ఊళ్ళోనే పరాయివాళ్ళయినవాళ్ళ సంగతేంటి?

ఫోలిక్ యాసిడ్ కథలో ఇంకో కొస ఉంది. 1928లో లూసీ విల్స్ అనే డాక్టర్ బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల రక్తహీనత మీద పరిశోధన చేసింది. ఈస్ట్ సారంతో అది నయమవుతుందని 1931లో రాసింది. అందులో ఉన్నది ఫోలేటే అని తర్వాత తేలింది. ఆమె పేరు మీద విల్స్ ఫ్యాక్టర్ అన్నారు, బాగుంది. రక్తమిచ్చిన ఆ మిల్లు ఆడవాళ్ళు ఏ పేపర్‌లో ఎన్నో రచయితలు? ఇప్పుడు ఆశా కార్యకర్త మన పేటలో గర్భిణికి ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్ర ఆ రక్తంలోంచి కూడా వచ్చింది.

డీఈసీ మాట కూడా చెప్పాలి. బోదకాలు మందు. 1947లో లెడర్లీ బృందం ఫైలేరియా మీద దాని ప్రభావం రాసినప్పుడు రచయితల వరుసలో సుబ్బారావు చివర. శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా మన కోస్తా అంతా ఫైలేరియా నేల. మురుగు నీళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మోస్తుంది, ఆ మురుగు ఎవరి పేటల పక్క నిలుస్తుందో మీకు చెప్పక్కర్లేదు. 1955లో మొదలైన ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం నుంచి ఇంటింటికీ వచ్చి ఎదురుగా మింగించే రోజుల దాకా ఆ మాత్రే. గాజువాక వైపు దగ్గు తగ్గకపోతే "ఇస్నోఫీలియా" అని డాక్టర్లు రాసే బానోసైడ్ కూడా అదే. పేట పేటంతా మింగిన మందుకి సైటేషన్ల లెక్కలో ఒక్క అంకె కూడా చేరదు. అలవాటైపోయిన విషయానికి ఎవరూ మూలం చెప్పరు, ఏటీపీ అని రాసిన ప్రతివాడూ 1929 పేపర్‌ని ప్రస్తావిస్తాడా?

పేరున్నవాడికే పేరు చేరుతుందని రాబర్ట్ మెర్టన్ 1968లో సిద్ధాంతం చేశాడు. మత్తయి సువార్తలో తలాంతుల ఉపమానం మన ఇళ్ళలో చాలామందికి కంఠతా, దాన్నే తీసుకుని "మాథ్యూ ఎఫెక్ట్" అన్నాడు. తమాషా ఏంటంటే ఆ పేపర్‌కి ఆధారం హారియట్ జకర్‌మన్ చేసిన ఇంటర్వ్యూలు. ఆమె పేరు కూడా రచయితగా ఉండాల్సిందని మెర్టనే తర్వాత ఒప్పుకున్నాడు. పేరు దోపిడీ మీద రాసిన పేపర్‌లోనే పేరు పోయింది.

ఇక మనవాళ్ళు. నాకు తెలిసిన ఒక మాదిగ తమ్ముడు ఏడాదిన్నర ఎలుకల గది చూసి, శాంపిళ్ళు తీసి, రాత్రుళ్ళు జెల్ నడిపాడు. పేపర్ వచ్చింది, తన పేరు చివర కృతజ్ఞతల్లో "సాంకేతిక సహాయం" కింద ఉంది. ఏ సంస్థో రాయను. మన పోర్టులో కళాసీ మోసిన సరుకుకి బిల్లు ఎవరి పేరు మీద ఉంటుందో, ఇదీ అంతే. అసలు పేపర్ దాకా రానివ్వని తలుపులు వేరే ఉన్నాయి. ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్ని ఎలా దూరం పెడతారో 2007లో థోరాట్ కమిటీ నివేదిక రాసింది. 2013లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మాదారి వెంకటేష్ చనిపోయినప్పుడు, గైడ్ కేటాయింపులోనే అతని కాలమంతా పోయిందని విద్యార్థి సంఘాలు నిలదీశాయి. గైడే లేనివాడికి హెచ్-ఇండెక్స్ ఎక్కడిది?

ఇంకో చిన్న చిక్కు, మనవాళ్ళకే ఎక్కువ. సర్టిఫికెట్‌లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు పుణ్యాన రెండు పేర్లతో బతకడం మనకి అలవాటు. ఒక పేపర్‌లో ఇంటిపేరుతో, ఇంకోదాంట్లో పొట్టి అక్షరాలతో పడితే డేటాబేసు మిమ్మల్ని ఇద్దరు మనుషులుగా చూస్తుంది, సైటేషన్లు చీలిపోతాయి. మొదటి పేపర్‌కి ముందే ఒక్క పేరు ఖాయం చేసుకోండి. ఓర్కిడ్ నంబరు ఉచితం, పది నిమిషాల పని, ఈరోజే తీసుకోండి.

"ఈ అంకెలన్నీ బూటకం, పట్టించుకోవద్దు" అనే ప్రొఫెసర్లు కొందరున్నారు. వాళ్ళకి ఉద్యోగం, పెన్షన్, సొంత ఇల్లు ఉన్నాయి, అనగలరు. మీరు అనకండి. అంకె అబద్ధమైనా దాంతోనే మన దరఖాస్తు పక్కన పెడుతున్నారు. కాబట్టి పని మొదలెట్టే రోజునే అడగండి: ఈ పనిలో నా పేరు ఉంటుందా, ఎన్నోది? నోటితో కాదు, మెయిల్‌లో. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ రచయిత అంటే ఎవరో నాలుగు షరతులు రాసిపెట్టింది. ఎవరు ఏ పని చేశారో 14 రకాలుగా విడదీసి చెప్పే క్రెడిట్ పద్ధతిని చాలా పత్రికలు అడుగుతున్నాయి, ప్రయోగం చేయడం, డేటా చూసుకోవడం అందులో విడివిడి పనులు. ఆ కాగితం ప్రింటు తీసి గైడ్ బల్ల మీద పెట్టడానికి భయమేస్తుంది, నాకు తెలుసు. ఒక్కరే వెళ్ళకండి, ల్యాబులో ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. ఎస్సీ, ఎస్టీ సెల్‌కి ఫిర్యాదు రాయాలంటే ల్యాబు నోట్‌బుక్కులో తేదీలతో మీ చేతిరాతే మీకు సాక్ష్యం. ప్రతి పేజీ ఫొటో తీసి దాచుకోండి.

వచ్చే భాగంలో డబ్బు కడితే పేపర్ వేసే జర్నల్స్ గురించి. అందులో మనవాళ్ళు ఎలా ఇరుక్కుంటున్నారో మీ అనుభవాలు ఇన్‌బాక్స్‌లో రాయండి, పేర్లు బయటపెట్టను.