ఒత్తు పోతే తెలుగు పోదు

ఎవరైనా ఫోన్ పట్టుకుని తెలుగులో నాలుగు మాటలు రాస్తే, చెప్పిన సంగతిని పక్కనపెట్టి, జారిపోయిన ఒత్తునో తప్పిన దీర్ఘాన్నో పట్టుకుని నలుగురి ముందూ దిద్దడం భాషాసేవ అని మనలో చాలామంది గట్టిగా నమ్ముతున్నారు. ఊళ్లో పెద్దాయన పోయారని ఎవరో ‘శ్రద్దాంజలి’ అని పెడితే, కింద మొదటి వ్యాఖ్య ‘ద్ధ’ గురించి వస్తుంది. పప్పుశనగ దర పడిపోయిందని బనగానపల్లె వైపు రైతు రాస్తే, గిట్టుబాటు గురించి మాట్లాడేవాళ్లకన్నా ‘దర కాదు, ధర’ అని చెప్పేవాళ్లు ముందుంటారు. దిద్దేవాళ్లు దుర్మార్గులు కారు. తెలుగు చెడిపోతోందన్న నిజమైన బెంగతోనే వాళ్లలో ఎక్కువమంది ఆ పని చేస్తున్నారు. ఆ బెంగను గౌరవిస్తూనే చెబుతున్నాను: ఈ పని వల్ల తెలుగుకు మేలు జరగడం లేదు, కీడు జరుగుతోంది. ఇప్పుడిప్పుడే తెలుగులో రాయడం మొదలుపెట్టినవాళ్లను అది రాతకు దూరం చేస్తోంది.

ఈ దిద్దుబాటు వెనక ఒక నమ్మకం ఉంది. ప్రతి మాటకూ సరైన రూపం ఒకటే ఉంటుందని, చదువుకున్నవాళ్లకు అది తెలుసునని. బనగానపల్లె పేరునే చూడండి. ఊరివాళ్లకు అది బనగానపల్లె. ఆ ఊరి మామిడి మాత్రం కోస్తాలో బంగినపల్లి, హైదరాబాదులో బేనిషాన్. 2017లో ఆ మామిడికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రిజిస్టరైంది బనగానపల్లె పేరు మీదే అయినా, చప్పటాయ్, సఫేదా దాకా వాడుకలో ఉన్న మారుపేర్లను కూడా దరఖాస్తులో చెప్పుకున్నారు. ఒక పేరును నిలబెట్టడానికి మిగతా పేర్లను తప్పనాల్సిన అవసరం రాలేదు. క్రియాపదాల దగ్గరికి వచ్చేసరికి మనకు ఈ ఓర్పు ఉండదు. సీమలో ‘వచ్చినాడు’, ‘చెప్పినాను’ అంటారు. వాటిని ‘వచ్చాడు’, ‘చెప్పాను’ అని మార్చి చూపించేవాళ్లు వ్యాకరణం నేర్పుతున్నామనుకుంటారు. నిజానికి ‘వచ్చినాడు’ పాత రూపం, అది కుదించుకుపోతే ‘వచ్చాడు’ అయింది. కృష్ణా, గోదావరి జిల్లాల చదువరుల మాట ముందుగా పత్రికల్లోకీ పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కి ప్రమాణమైంది. అలా ఎక్కడానికి వ్యాకరణ సూత్రాలు కారణం కాదు. కాలేజీలు, పత్రికలు ఏ ప్రాంతపు వాళ్ల చేతుల్లో ఉన్నాయన్నదే కారణం. కథకుడు నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు పల్లె మాటను అలాగే అచ్చులోకి తెచ్చి, పుస్తకం పేరులోనే ‘సినబ్బ’ అని పెట్టారు. దాన్ని ‘చిన్నబ్బ’గా దిద్దితే పోయేది ఆ మనిషి గొంతే.

ఒత్తుల సంగతి ఇంకా ఆలోచించదగ్గది. చిన్నయసూరి బాలవ్యాకరణం సంస్కృతానికి 50 వర్ణాలు, తెలుగుకు 36 వర్ణాలు అని లెక్కగట్టింది. ఖ, ఘ, ధ, భ లాంటి ఒత్తక్షరాలు, శ, ష ఆ 36లో లేవు. అవి సంస్కృతంతోనూ ఇతర భాషలతోనూ మనకు వచ్చినవి. పండితుల నాలుక మీద నిలిచినంతగా పల్లెల్లో నిలవలేదు. వ్యాఖ్యల్లో పట్టుకునే తప్పుల్లో చాలావి ఈ అక్షరాల దగ్గరే దొరుకుతాయి. అంటే తెలుగు రానివాణ్ణి కాదు, సంస్కృత పదాన్ని చెవికి వినపడినట్టు రాసినవాణ్ణి మనం పట్టుకుంటున్నాం. పైగా అదే చిన్నయసూరి కొలత పెడితే దిద్దేవాళ్లలో ఎవరూ నిలవరు. ‘వాఁడు’లో అరసున్న ఏది? ‘గుఱ్ఱం’లో బండిర ఏది? ఒకప్పుడు అవి వదిలేస్తే పండితులు ఊరుకునేవారు కారు. ఇవాళ అరసున్న లేకుండానే తెలుగు చక్కగా నడుస్తోంది.

ఈ తగువు కొత్తదేమీ కాదు. 1911లో మద్రాసులో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం పక్షాన నిలిచింది. వాడుక మాటను బడిలోకి రానిస్తే భాష భ్రష్టమవుతుందని జయంతి రామయ్య పంతులు వంటి పెద్దలు మనస్ఫూర్తిగా నమ్మారు. గిడుగు రామమూర్తి వాళ్లకు ఆవేశంతో కాదు, ఆధారాలతో జవాబు చెప్పారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’లో ఆయన గ్రాంథికవాదుల రాతల్నే ముందు పెట్టి, వాళ్లు ఏ నియమాల కోసం పోరాడుతున్నారో ఆ నియమాలు వాళ్ల చేతికే లొంగడం లేదని చూపించారు. ఎవరినో చిన్నబుచ్చడం ఆయన ఉద్దేశం కాదు. పండితులకే పట్టుబడని కొలతతో పిల్లల్ని కొలవకండి అన్నది ఆయన వాదం. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటూ, అదే రోజు శుభాకాంక్షల్లో జారిన ఒత్తులు వెతికితే ఆయన జీవితకాలపు శ్రమను మనం అర్థం చేసుకోనట్టే.

ఎవరు రాస్తున్నారో కూడా చూడాలి. 2011 జనగణన నాటికి బనగానపల్లె ఉన్న అప్పటి కర్నూలు జిల్లాలో అక్షరాస్యత సుమారు 60 శాతం. అంటే ఇవాళ ఫోన్‌లో తెలుగు రాస్తున్నవాళ్లలో చాలామంది ఇంటికి మొదటి రాతగాళ్లు. వాళ్ల తల్లిదండ్రులు వేలిముద్ర వేసినవాళ్లు. నాపరాయి గనిలో పనిచేసే మనిషి, మామిడితోట గుత్తకు తీసుకున్న మనిషి ఒక పేరా తెలుగు రాసి పదిమందికి చదవనివ్వడం ఈ ప్రాంత చరిత్రలో చిన్న సంగతి కాదు. దానికి తోడు యంత్రం కూడా తప్పులు చేయిస్తుంది. సునీత, తిరుపతి వంటి పేర్లను ఇంగ్లీషులో రాసేటప్పుడు ‘త’ కోసం మనవాళ్లు టీ పక్కన హెచ్ పెడతారు. ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రాబట్టే పద్ధతుల్లో కొన్నింటిలో ఆ రెండూ కలిస్తే ‘థ’ పడుతుంది. అలా వచ్చిన ‘థ’ను చూసి మనిషి అజ్ఞానాన్ని కొలవడం అన్యాయం. అలా కొలుస్తారనడానికి రుజువు ఉంది. 2016లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జూలీ బోలండ్, రాబిన్ క్వీన్ ఒక పరిశీలన ప్రచురించారు. కలిసి అద్దెకుండే మనిషి కావాలన్న ప్రకటనకు జవాబుల్లా రాసిన ఈమెయిళ్లను కొందరికి చూపించి, రాసినవాళ్ల గురించి అభిప్రాయం అడిగారు. అక్షరదోషాలున్న ఈమెయిళ్లు రాసినవాళ్లను జనం తక్కువగా అంచనా వేశారు. చెప్పిన విషయంలో తేడా లేదు, పడిపోయింది మనిషి విలువ. నలుగురిలో తప్పు చూపించినప్పుడు మనం చేస్తున్నదీ అదే, ఉద్దేశం ఎంత మంచిదైనా సరే. అలా దెబ్బతిన్న మనిషి మర్నాడు నిఘంటువు తెరవడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడానికి పోతాడు, అక్కడ ఒత్తులు అడిగేవాళ్లు ఉండరు కాబట్టి. లేదా అసలు రాయడం మానేస్తాడు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం, తేడా పోతే ఎలా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అయితే ‘నాకు అర్ధం కాలేదు’ అని రాస్తే సగం కాలేదని చదివే తెలుగువాడు ఎవరూ లేరు, వాక్యమే అర్థాన్ని కాపాడుతుంది. నిజంగా అర్థం చెడే చోట, మందు మోతాదులోనో పరీక్ష తేదీలోనో తప్పు దొర్లితే, తప్పకుండా చెప్పాలి, వెంటనే చెప్పాలి. మిగతావి చెప్పాలనిపిస్తే ఆ మనిషికి విడిగా, అడిగినప్పుడు చెప్పాలి. ఎవరూ దిద్దకపోతే ప్రమాణ భాష ఏమైపోతుందన్నది రెండో అభ్యంతరం. ప్రమాణాన్ని నిలబెట్టేవి పాఠ్యపుస్తకాలు, పత్రికలు, ఉపాధ్యాయులు. తప్పుల్లేని మంచి వచనం చదివితే రాత దానంతటదే కుదురుతుంది. ఈస్టిండియా కంపెనీ అధికారి సి.పి. బ్రౌన్ చేసినదీ దిద్దుబాటే. పండితులు చిన్నచూపు చూసిన వేమన పద్యాలకు ఆయన ఊరూరా తాళపత్రాలు సేకరించి, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని, పాఠాలు పోల్చి 1829లో అచ్చు వేయించారు. రాయసగాళ్ల తప్పుల కింద నుంచి పద్యాన్ని బయటికి తీశారు, తప్పులున్నాయని పద్యాన్ని పారేయలేదు.

దిద్దే ఓపిక, చదువు ఉన్నవాళ్లు మనకు కావాలి. వాళ్లు చేయాల్సిన పని వేరే చోట ఎదురుచూస్తోంది. భూమి పాసుపుస్తకంలో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా పడిన పేరు వల్ల రైతుకు అప్పు ఆగుతుంది, ముసలామెకు పింఛను ఆగుతుంది. ఆ తప్పు చేసింది వాళ్లు కాదు, నష్టం మాత్రం వాళ్లది. యంత్రం అనువదించిన తెలుగు బ్యాంకు నోటీసుల్లోకి, కంపెనీల ప్రకటనల్లోకి వచ్చేసింది. చదివితే తలా తోకా తెలియదు, అయినా వాటి కింద తప్పులు ఎత్తిచూపేవాళ్లు అరుదు. జీతం తీసుకుని తెలుగు రాసే సంస్థ తప్పు రాస్తే బహిరంగంగా అడగండి, సరిచేసేదాకా వదలకండి. పేరు దిద్దించుకోవడానికి మీసేవ కేంద్రానికీ తహసీల్దారు కార్యాలయానికీ తిరుగుతున్న మనిషికి అర్జీ రాసిపెట్టండి. శనగ ‘దర’ పడిపోయిందని రాసిన రైతుకు మాత్రం ధర గురించే జవాబు రాయండి.